కుంకుడు రసంలో జెండా ముక్క

కువైట్‌లోని మహబూలాలో మా టైలరింగ్ దుకాణం వెనక గోడకు ఒక మేకు ఉంది. ఇప్పుడు దానికి సత్తిబాబు మాస్టరు చొక్కా వేలాడుతోంది. బూడిద రంగు పొట్టి చేతుల చొక్కా. మెడపట్టీ లోపల చెమట గీత, జేబు దగ్గర సుద్దముక్క గుర్తులు, జేబు అంచున తెల్లదారం ఎక్కించి గుచ్చిన సూది. చేతిలో పని ఆపినప్పుడల్లా సూదిని అక్కడ గుచ్చుకోవడం ఆయనకు చిన్ననాటి అలవాటట. ఆ మధ్యాహ్నం ఒంట్లో నలతగా ఉందని చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో ఫ్యాను కింద కూర్చున్నారు. అంబులెన్సు వచ్చాక ఆ బనీనుతోనే ఎక్కించాం. నాలుగు రోజుల తర్వాత పెట్టెలో పెట్టి విమానంలో పంపించాం. మనిషి అమలాపురం చేరిపోయారు, చొక్కా మాత్రం ఇక్కడ ఉండిపోయింది.

మొన్న ఆయన భార్య ఫోన్ చేసింది. నేను ఆవిడను ఎప్పుడూ కళ్ళారా చూడలేదు, అయినా ఇన్నేళ్ళుగా వదినా అనే పిలుస్తాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అబ్బాయ్, శనివారం పెద్దకార్యం. ఆయన ఒంటి మీది బట్టలేవన్నా అక్కడుండిపోతే, అప్పటిలోగా ఉతికేసి ఎవరికన్నా ఇచ్చెయ్యి నాన్నా. మైల బట్ట అలా ఉంచకూడదంటున్నారు పంతులుగారు" అంది. "సరే వదినా, నేను చూసుకుంటాలే" అన్నాను. అన్నానే గానీ, మేకు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపడం, మళ్ళీ దించుకోవడం, ఇదే సరిపోతోంది. నా సగం జీవితం పరాయివాళ్ళ బట్టలు ఉతకడంలో గడిచింది. ఈ ఒక్క చొక్కా ఉతకాలంటే చేతులు రావడం లేదు. దాన్ని నీళ్ళలో ముంచితే ఆ చెమట గీత పోతుంది, మిషను నూనె వాసన పోతుంది. ఆయనది అంటూ ఈ దేశంలో ఇక మిగిలింది ఆ రెండే.

ఉతకాలా, ఉంచాలా అన్న ఈ తగువు నాకు కొత్త కాదు. కువైట్‌కు వచ్చిన తొలి ఏళ్ళలో, ఎక్కడో ఇటలీ దేశపు కాల్బలం రెజిమెంటు ఒకదాని చరిత్ర మా లాండ్రీలోకి నడిచి వచ్చింది. ఆ రెజిమెంటు నంబరు ఇక్కడ రాయను. అది వాళ్ళ సొత్తు. వాళ్ళ కాలరు పట్టీ రంగులు మాత్రం చెబుతాను. పైన తెలుపు, కింద ముదురు ఎరుపు, మధ్యలో చిన్న ఐదుకోణాల నక్షత్రం. కళ్ళు మూసుకుని కూడా కుట్టగలిగేంతగా ఆ పట్టీలు కుట్టిన చేతులు మాస్టరువి.

అప్పుడు ఇరాక్‌లో యుద్ధం నడుస్తోంది. అహ్మది దాటి, చమురు గొట్టాల వెంబడి ఎడారిలోకి పోయే దారిలో ఒక సైనిక శిబిరం ఉండేది. ఇరాక్ వెళ్ళవలసిన దేశదేశాల సైనికులు అక్కడ దిగి, కొన్నాళ్ళు ఎండకు అలవాటు పడి, ఉత్తరానికి పోయేవారు. వాళ్ళ బట్టలు ఉతికే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీలో నేను ఉతుకుడు పని చేసేవాణ్ణి. మాస్టరు దర్జీ. నాది రాజంపేట పక్క, ఆయనది కోనసీమ. మహబూలా గదిలో మా ఇద్దరి మంచాలూ పక్కపక్కన. ఆయన జుబైదీ చేపతో పులుసు పెట్టేవారు, నేను రాగిసంగటి కెలికేవాణ్ణి. "ఈ రాయి ఎలా తింటార్రా బాబూ మీరు" అని ఆయన, "నీళ్ళలో ఈదేదాన్ని నీళ్ళలోనే ఉడకేస్తారు, అదేం వంట" అని నేను, ఒకరి కంచంలోంచి ఒకరం తింటూనే తిట్టుకునేవాళ్ళం. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టేది. బస్సులో అందరూ నిద్రపోయేవారు, మాస్టరు మాత్రం కిటికీలోంచి ఎడారిని చూస్తూ కూర్చునేవారు. ఏముందని చూస్తారో నాకప్పుడు తెలియదు.

లాండ్రీ అంటే రేకుల షెడ్డు. లోపల ఆవిరి, బ్లీచింగు ఘాటు, కాలిన కాన్వాసు వాసన. ఏ దేశపు బట్టల మూట ఏదో విప్పకముందే తెలిసిపోయేది. ఇటలీ వాళ్ళ మూట కాఫీ వాసన వేసేది. మాస్టరు షెడ్డులో ఓ మూల, చెక్కబల్ల మీద మిషను పెట్టుకుని కూర్చునేవారు. పొద్దున్నే ముఖం కడుక్కుని, మిషను చక్రాన్ని కళ్ళకద్దుకుని, ఎవరి బట్టయినా సరే మొదటి కుట్టు చేత్తో వేశాకే మిషను తొక్కేవారు. సైనికులు హడావిడిగా వచ్చి, ఒంటి మీదున్న చొక్కాకే గుండీ కుట్టమని చూపించేవారు. ప్రాణం పోయినా కుట్టేవారు కాదు. "ఒంటి మీద బట్ట కుట్టేది పోయినోళ్ళకేనండీ. విప్పండి, విప్పండి" అని గోదావరి తెలుగులోనే చెప్పేవారు. వాళ్ళు నవ్వుతూ విప్పేవారు. ఆ మాట వాళ్ళకు అర్థమై ఉంటే నవ్వేవారు కాదేమో.

ఆ రెజిమెంటులో ఒక పాతకాపు ఉండేవాడు. అధికారి కాదు, మామూలు సిపాయీ కాదు, ఆ మధ్య హోదా. నెరిసిన మీసం, ఎండకు కాలిన ముక్కు, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చొక్కా. వాళ్ళ భాషలో ఆ హోదాను ఏదో అనేవారు, మా నోటికి అది మార్షల్ సారుగా తిరిగింది. మధ్యాహ్నం పూట తన బట్టల కోసం వచ్చి, మా ఇస్త్రీ పొయ్యి మీదే చిన్న గిన్నెలో కాఫీ కాచుకుని, మాకు కూడా తలా ఒక గుక్క పోసి, ఖాళీ సబ్బు డబ్బా మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఇంగ్లీషు ముక్కలు కొన్ని, చేతి సైగలు ఎక్కువ. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషును నేను తెలుగు చేసేవాణ్ణి. అతని కబుర్లన్నీ రెజిమెంటు గురించే. మన ముసలివాళ్ళు వంశం గురించి చెప్పినట్టే చెప్పేవాడు, ఎవరి కొడుకు ఎవరో, ఏ తరంలో ఏ నష్టం జరిగిందో.

ఇటలీ అన్నది ఇంకా ఒక దేశం కాకముందు, ఉత్తరాన ఒక రాజు పెట్టిన సేన అట అది. రాజులు పోయారు, సరిహద్దులు మారాయి, సేన పేరు కూడా మారింది, కాలరు పట్టీ మాత్రం మారలేదు. ఆస్ట్రియాతో జరిగిన పెద్ద యుద్ధంలో చెట్టన్నది లేని రాళ్ళ కొండల మీద ఏళ్ళ తరబడి పడి ఉన్నారు. తాగడానికి నీళ్ళు లేక రాళ్ళ సందుల్లో మంచు గీక్కుని తిన్నారు. ఒక్క కొండను పట్టుకోవడానికి ఊళ్ళకు ఊళ్ళ మగవాళ్ళు పోయారు. దాని తర్వాతి యుద్ధంలో ఆఫ్రికాకు పంపించారు. "ఇదే ఇసుక" అని షెడ్డు బయటికి చెయ్యి చూపించేవాడు. అక్కడ చుట్టూ శత్రువు కమ్ముకుని, ఇక లొంగిపోక తప్పదని తేలిన పొద్దున, వాళ్ళ కల్నల్ రెజిమెంటు జెండాను తెప్పించాడట. పట్టుజెండా, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. అది శత్రువు చేతికి చిక్కడమంటే వాళ్ళకు చావుకన్నా ఎక్కువ. కర్ర విరిచి ఇసుకలో పూడ్చారు. జెండాను కత్తెరతో ముక్కలు చేసి, చేతికందిన మనిషికల్లా ఒక ముక్క ఇచ్చారు. అలా ముక్క అందుకున్న వాళ్ళలో ఒకడు మార్షల్ సారు తాత. భుజానికి తూటా గాయం. ముక్కను కోటు లోపలి అస్తరులో పెట్టి, ఎడమవైపు కుట్టుకున్నాడు. ఆ రక్తం దానికంటింది.

"తర్వాత ఏం చేసేరంట ఆళ్ళని?" అని మాస్టరు అడిగారు. మార్షల్ సారు మా ఇద్దరి వైపూ చూసి మొదటిసారి గట్టిగా నవ్వాడు. వాళ్ళను పట్టుకున్న బ్రిటిషు సైన్యంలో మన సిపాయిలు కూడా ఉన్నారట. ఓడెక్కించి బొంబాయిలో దింపి, రైల్లో మన దేశంలోనే ఏదో కొండల కింద ఖైదు శిబిరంలో పెట్టారట. ఏళ్ళ తరబడి ఉన్నారు. తాతకు మన పప్పు, రొట్టె, కొన్ని హిందీ మాటలు అలవాటయ్యాయి. తనిఖీలు ఎన్ని జరిగినా కోటు అస్తరు ఎవరూ విప్పలేదు. యుద్ధం అయిపోయి ఇంటికి చేరాక, రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు, కొత్త జెండా ఇచ్చారు. తాత ముక్కను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మనవడు సైన్యంలో చేరిన రోజున అతని చేతిలో పెట్టాడు. "రెజిమెంటంటే మనుషులు కాదు. వాళ్ళు వస్తారు, పోతారు. పేరు పిలిస్తే పలికేవాడు ఉన్నంతకాలం రెజిమెంటు ఉన్నట్టే" అన్నాడు మార్షల్ సారు. ఆ మాట నేను తెలుగులో చెప్పాక మాస్టరు సూదిని జేబుకు గుచ్చుకుని, మళ్ళీ చెప్పమన్నారు.

వాళ్ళకు ఏటా ఒక రెజిమెంటు పండుగ ఉంటుంది. ఎక్కడున్నా ఆ రోజు చేసుకుంటారు. ఆ ఏడు అది ఈ ఎడారిలో వచ్చింది. పండుగకు ముందు మార్షల్ సారు అరచేతంత గుడ్డ సంచీ తెచ్చి, చేతులు తుడుచుకుని, అందులోంచి ఆ ముక్కను తీశాడు. తెల్లపట్టు, ఒక అంచున కాస్త ఎరుపు. మధ్యలో గోధుమరంగు మరక, ఎండి అట్టకట్టిపోయి. పట్టు చివికిపోతోంది, దాని వెనక పలచటి నూలుగుడ్డ వేసి నిలబెట్టి, తన చొక్కా లోపల తాత కుట్టుకున్నట్టే ఎడమవైపు కుట్టిపెట్టమన్నాడు. పండుగనాడు తొడుక్కుంటాడట. మాస్టరు రెండు చేతులూ చాపి అందుకున్నారు. దేవుడి ప్రసాదం అందుకున్నట్టే అందుకున్నారు.

మర్నాడు నేను షెడ్డులోకి వెళ్ళేసరికి బ్లీచింగు వాసన లేదు. కుంకుడుకాయ వాసన. పండుగ పూట అమ్మ తలంటినప్పటి వాసన, కళ్ళు మండే వాసన. పట్టుబట్ట వస్తే ఉతకడానికి మాస్టరు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న కుంకుళ్ళు డబ్బాలో దాచుకునేవారు. చన్నీళ్ళలో ఉప్పు వేసి ముందు నానబెట్టారట, తర్వాత కుంకుడు రసంలో వేలితో అద్ది అద్ది మరక తీశారట. బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద ఆ పట్టుముక్క ఆరేసి ఉంది. మల్లెపువ్వులా మెరుస్తోంది.

"ఏం జేసినావ్ మాస్టరూ? దాన్నెందుకు ఉతికితివి?"

"ఉతక్కేంటబ్బాయ్. చచ్చిపోయినోడి నెత్తురది. ఇన్నేళ్ళూ ఎవరూ దానికి నీళ్ళు పొయ్యలేదు. ఆయన ఆత్మ ఎక్కడ తిరుగుతుందో ఏవో. నేను పొద్దున్నే తానం చేసి, ఆయన్ని తలుచుకునే ఉతికేను."

"ఆ మరకే గదా మాస్టరూ ఆయప్పకు కావాల్సింది."

మాస్టరు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశారు. "మరక కావాలని ఎవరన్నా కోరుకుంటారేంట్రా" అన్నారు.

అంతలో మార్షల్ సారు వచ్చాడు. మాస్టరు ఎదురెళ్ళి, "క్లీన్ సార్" అని గర్వంగా చూపించారు. అతను ముక్కను తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఎక్కడ అని వాళ్ళ భాషలో అడిగి ఉంటాడు, మళ్ళీ ఇంగ్లీషులో ఎక్కడ అన్నాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మురికి బట్టల మూట ఒకటి ఉంటే దాని మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, ముక్కను చేతిలో పట్టుకుని, కాఫీ గిన్నె మర్చిపోయి వెళ్ళిపోయాడు. అప్పటికి గానీ మాస్టరుకు తాను చేసిందేమిటో తెలియలేదు. కుంకుడు రసం ఉన్న గిన్నెలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి. పారబొయ్యాలో వద్దో తెలియక ఆ గిన్నెను బల్ల కిందికి జరిపారు.

ఆ మాట మధ్యాహ్నానికల్లా మా సూపర్‌వైజరు చెవిన పడింది. సైనికుల ఆస్తి పాడుచేశారని కంపెనీ కాంట్రాక్టే పోతుందని అతని భయం. వచ్చీ రాగానే, "ఖలాస్. రేపు ఇఖామా క్యాన్సిల్. సామాను సర్దుకో" అన్నాడు. మాస్టరు మిషను మీద గుడ్డ కప్పి, కత్తెర తుడిచి సంచీలో పెట్టుకున్నారు. ఇఖామా పోతే ఈ దేశంలో ఉండనివ్వరు, ఆ వయసులో పూచీపడే ఇంకో కఫీల్ దొరకడం మాటలు కాదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం బస్సు వేళకు మార్షల్ సారు మళ్ళీ వచ్చాడు. సూపర్‌వైజరు పరిగెత్తుకెళ్ళి క్షమాపణలు మొదలుపెట్టాడు. మార్షల్ సారు అతన్ని మధ్యలోనే ఆపి, "ఉతకమని చెప్పింది నేనే" అన్నాడు. అబద్ధం. నిటారుగా నిలబడి, ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పిన అబద్ధం. సూపర్‌వైజరు ఇఖామా మాట మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు మార్షల్ సారు డబ్బా మీద కూర్చుని, నన్ను చూసి, "ఎందుకు ఉతికాడో అడుగు" అన్నాడు.

మాస్టరు చెప్పింది ఆ రోజే నేను కూడా మొదటిసారి విన్నాను. ఆయనకు నాగేశ్వరరావు అని ఒక తమ్ముడు. మాస్టరు కంటే ముందే కువైట్ వచ్చి దర్జీ పని చేసేవాడు. కువైట్ మీద ఇరాక్ దండెత్తిన ఏడు, అందరితోపాటు జోర్డాన్ వైపు బయల్దేరాడు. దారిలో, సరిహద్దు గుడారాల దగ్గర, జ్వరం తగిలి పోయాడని వెంట ఉన్నవాళ్ళు వచ్చి చెప్పారు. ఇసుకలో పెట్టి వచ్చేశామన్నారు. ఎక్కడో వాళ్ళు చెప్పలేకపోయారు. ఇంటి దగ్గర దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. "ఆడి బట్ట ఒక్కటి కూడా మాకు రాలేదండీ. వస్తే ఉతికేవోణ్ణి. నా చేత్తో ఉతికి, ఎవరికన్నా ఇచ్చేసేవోణ్ణి. ఆడికి చెయ్యలేనిది ఈయనకన్నా చేద్దావనుకున్నాను. అంతేనండి, ఇంకేం లేదు" అన్నారు మాస్టరు. బస్సులో కిటికీలోంచి ఏం చూస్తారో నాకు ఆ సాయంత్రం అర్థమైంది. అదంతా ఇంగ్లీషులో చెప్పడానికి నాకు మాటలు చాల్లేదు. సగం చేతులతో చెప్పాను.

"మా నాయనమ్మ అడిగేది, ఒక్కసారి ఉతుకుతానని. తాత ఆవిడను కూడా ముట్టుకోనివ్వలేదు" అన్నాడు మార్షల్ సారు. కోపం పోయిందని నేను అనను. పోలేదు. ఆయన కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. అయినా ఆ ముక్కను మళ్ళీ జేబులోంచి తీసి, తన చొక్కాతో కలిపి బల్ల మీద పెట్టాడు. ఎడమవైపు కుట్టమని వేలితో చూపించాడు. మాస్టరు సంచీలోంచి కత్తెర బయటికి తీశారు. ఆ పని మొత్తం చేత్తోనే చేశారు, మిషను ముట్టుకోలేదు. ఆ ఉతికిన నీళ్ళను మర్నాడు పొద్దున షెడ్డు వెనక ఉన్న ఒకే ఒక్క మొక్క మొదట్లో పోశారు.

పండుగ రోజు సాయంత్రం లాండ్రీ వాళ్ళను కూడా పిలిచారు. మమ్మల్ని తాడు కట్టిన గీత అవతల నిలబెట్టారు. సూర్యుడు ఎర్రబడి దిగుతున్నాడు, గాలి ఆగిపోయింది. రెజిమెంటంతా వరసల్లో నిలబడింది. వందల చొక్కాలు, ఆ చొక్కాలన్నిటి కాలర్లకూ మాస్టరు కుట్టిన తెలుపు, ఎరుపు పట్టీలు. కల్నల్ ముందుకు వచ్చి ఒక పేరు పిలిచాడు. రెజిమెంటంతా ఒక్క గొంతుతో, "ప్రెజెంతే" అని, అంటే ఉన్నానని, పలికింది. ఇంకో పేరు. మళ్ళీ అదే కేక. రాళ్ళ కొండల మీద పోయినవాళ్ళు, ఆఫ్రికా ఇసుకలో పోయినవాళ్ళు.

"పోయినోళ్ళ పేర్లు కదా అయ్యి. మరి ఎవరు పలుకుతున్నారు?" అని మాస్టరు నా చెవిలో అడిగారు.

"పోయినోడు పలకలేడు గదా మాస్టరూ. అందుకని నిలబడినోళ్ళు పలుకుతాండారు. మార్షల్ సారు చెప్పె గదా."

ఆ తర్వాత ఆయన ప్రతి పేరుకూ పెదవులు కదిలించారు. మూడో వరసలో మార్షల్ సారు కనిపిస్తున్నాడు. ప్రతి కేకకూ ఎడమ చెయ్యి చొక్కా మీద, ఆ ముక్క ఉన్నచోట ఒక్క క్షణం ఆన్చి తీస్తున్నాడు. ఆ చొక్కా లోపల మరక లేదు. ఆ సంగతి ఆ వరసల్లో అతనొక్కడికే తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాస్టరు కిటికీ పక్కనే కూర్చున్నారు. బయట ఇంకా కాస్త వెలుగుంది. చమురు బావుల మంటలు దూరంగా కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి, "అబ్బాయ్, నేనొక పేరు పిలుత్తాను. నువ్వు పలుకుతావా?" అన్నారు.

"ఏమని పలకాల?"

"ఆళ్ళేవన్నారో అదే."

కిటికీ వైపు తిరిగి, ఎడారికి వినపడేలా, "యర్రంశెట్టి నాగేశ్వరరావు" అని పిలిచారు. నేను "ప్రెజెంతే" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. బంగ్లాదేశ్ డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. ముందు సీట్లో నిద్రపోతున్నవాడు లేచి, ఊరొచ్చిందా అని అడిగాడు. మాస్టరు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మహబూలా వచ్చేవరకూ తియ్యలేదు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

రెజిమెంటు తర్వాత ఇరాక్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మార్షల్ సారు వచ్చి మాస్టరుకు తన కాలరు పట్టీ ఒకటి విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన సంగతి మాకు తెలియదు. శిబిరం పని అయిపోయాక ఇద్దరం కలిసి ఒక కఫీల్‌ను పట్టుకుని మహబూలాలో ఈ దుకాణం పెట్టుకున్నాం. లాండ్రీ నేను, కుట్టుపని మాస్టరు. ఇటలీ వాళ్ళు ఇప్పటికీ ఈ దేశానికి వస్తూ పోతూనే ఉన్నారు. కానీ ఇప్పుడు వాళ్ళ పట్టీలు సూది అక్కర్లేనివి, చరచర లాగితే ఊడివస్తాయి, నొక్కితే అతుక్కుంటాయి. దర్జీతో పని లేదు. అప్పుడు ఒక్క గుండీ కోసం మా డబ్బా మీద గంటసేపు కూర్చుని ఊళ్ళో సంగతులు చెప్పేవాళ్ళు, ఇప్పుడు మూట ఇచ్చి, ఫోను చూసుకుంటూ, తీసుకుని పోతారు. తప్పు పట్టడం లేదు. మా గదుల్లో కూడా అంతే, ఒక్కో మంచం మీద ఒక్కో ఫోను వెలుగు, ఒకరి కూర వాసన ఇంకొకరు అడిగే రోజులు పోయాయి.

పోయిన చలికాలంలో ఒక ఇటలీ కుర్ర సైనికుడు ప్యాంటు పొడవు తగ్గించమని దుకాణానికి వచ్చాడు. మాస్టరు సూదుల పెట్టెలోంచి ఆ పాత పట్టీ తీసి చూపించారు. కుర్రవాడు చూసి, తల వంచి, చాలా మర్యాదగా చెప్పాడు. ఆ రెజిమెంటు ఇప్పుడు లేదట. సైన్యాన్ని తగ్గించినప్పుడు దాన్ని ఎత్తేశారట. దాని జెండాను రోమ్‌లో ఒక గాజు అల్మరాలో పెట్టారట. నేను తెలుగులో చెప్పగానే మాస్టరు, "ఉతక్కుండానే పెట్టేరా?" అని అడిగారు. ఇద్దరం నవ్వాం. కుర్రవాడు వెళ్ళిపోయాక ఆయన పట్టీని పెట్టెలో పెడుతూ, "మరిప్పుడు ఆళ్ళ పేర్లు పిలితే ఎవరు పలుకుతార్రా?" అన్నారు. జవాబు కోసం ఆగకుండా మిషను తొక్కడం మొదలుపెట్టారు.

ఈరోజు శుక్రవారం. దుకాణం మూసి ఉంది. రేపే పెద్దకార్యం. పొద్దున్నుంచి ఆ చొక్కా ఎదురుగా కూర్చుని ఇదంతా రాశాను. మార్షల్ సారు అయితే ఈ చొక్కాను ఇలాగే ఉంచేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పద్ధతి కూడా నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఇది సత్తిబాబు మాస్టరు చొక్కా. ఉతకని బట్టను ఆయన ఒక్క రోజు కూడా బల్ల మీద ఉండనిచ్చేవారు కాదు. తమ్ముడి బట్ట ఒక్కటి దొరికితే చాలునని, దాన్ని తన చేత్తో ఉతకాలని, ఆ ఎడారి వైపు ఇరవై ఏళ్ళు చూస్తూ కూర్చున్న మనిషి. ఆయన బట్ట నాకు దొరికింది. నేను దాన్ని మేకుకు తగిలించి కూర్చుంటే ఆయన నన్ను తిట్టకుండా ఉంటారా?

ఆయన డబ్బాలో కుంకుళ్ళు ఇంకా ఉన్నాయి. నీళ్ళు కాచి, కుంకుళ్ళు కొట్టి నానబెట్టాను. దుకాణమంతా ఆ వాసన నిండింది. చొక్కాను మేకు మీంచి తీశాను. జేబు అంచున ఉన్న సూదిని, దారంతో సహా, జాగ్రత్తగా తీసి నా చొక్కా జేబుకు గుచ్చుకున్నాను. బకెట్ ముందు పీట వేసుకుని కూర్చుని, ఒకసారి చుట్టూ చూశాను. పలకడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. "యర్రంశెట్టి సత్యనారాయణ" అని గట్టిగా పిలిచాను.

"ప్రెజెంతే" అని పలికి, చొక్కాను నీళ్ళలో ముంచాను.